బ్రేకు తొక్కని డ్రైవరు

మద్దిలపాలెం డిపో ఎదురుగా సోడా బండి దగ్గర నిలబడి ఉండగా ఫోనొచ్చింది. బావ పోయేడట. చెప్పినవాడు లారీ యార్డులో కాటా గుమస్తా. "పొద్దున్న టీ తాగి కుర్చీలో కూకున్నాడండి, మరి లెగనేదు" అన్నాడు. సరే అని ఫోను జేబులో పెట్టేసేను. బండాయన నిమ్మచెక్క పట్టుకుని "పిండమంటారా?" అని రెండోసారి అడుగుతున్నాడు. వద్దన్నాను. సోడా కూడా తాగలేకపోయేను, డబ్బులిచ్చి వచ్చేసేను.

బావంటే నాకు చుట్టం కాడు. మా వైపు సాటి మగాణ్ణి బావా అని పిలవడానికి చుట్టరికం అక్కర్లేదు, ఒకే బెంచీ మీద రెండుసార్లు టీ తాగితే చాలు. పేరు రాయను. ఆ రోజుల్లో పేపరువాళ్లు రేసులో అతనికి జరిగిన కారు ప్రమాదం గురించి నాలుగు ముక్కలు రాసి, కారు యజమాని పేరు, ఆయన తండ్రి పేరు, కారు ఏ దేశం నుంచి వచ్చిందో ఆ సంగతి అన్నీ రాసి, నడిపినవాణ్ణి మాత్రం "సహ డ్రైవరు" అని వదిలేసేరు. కాలు నుజ్జయిన నాడు లేని పేరు ఇప్పుడు నేను రాసి ఉద్ధరించేదేముంది.

బావ గురించి ముందుగా చెప్పాల్సింది అతని పాదాల సంగతి. చెప్పులు విప్పకుండా బండెక్కేవాడు కాడు. లారీ అయినా, యజమానిగారి పెద్ద కారయినా, ఆఖరికి నా డొక్కు మోపెడయినా అంతే. చెప్పులు విప్పి, సీటు వెనకాల జతగా సర్ది, కుడి అరికాలు ఎడం పిక్కకేసి ఓసారి తుడుచుకుని అప్పుడు కూర్చునేవాడు. గుళ్లోకెళ్తున్నావేటి అని ఏడిపించేవాళ్లం.

"గుళ్లో దేవుడు మాటాడ్డు. బండి మాటాడతాది. సెప్పులేసుకుంటే ఎలగినపడతాది?" అనేవాడు.

వినిపించేది కూడా. పెడలు కింద ఏ స్ప్రింగు అలిసిందో, ఏ గొట్టంలో గాలి చేరిందో అరికాలితో చెప్పేసేవాడు. నేను ఐటీఐలో రెండేళ్లు చదివి, షెడ్డులో పదేళ్లు గ్రీజు పూసుకుని, అంతా విప్పి చూస్తే గాని తెలుసుకోలేని సంగతి. విప్పేక చూస్తే అతను చెప్పిందే నిజమయ్యేది. నాకు ఒళ్లు మండేది.

రెండోది బ్రేకు. బ్రేకు మీద అతనికి ఎక్కడలేని పట్టింపు. "ఏక్సిలేటరు ఎవుడైనా తొక్కుతాడు. ఈది కుక్కని కూకోబెట్టినా తొక్కుతాది. మనిసో కాదో బ్రేకు కాడ తెలుస్తాది" అనేవాడు. గోపాలపట్నంలో టీ కొట్టు దగ్గర గాజుగ్లాసులో అంచుదాకా టీ పోయించుకుని, డ్యాష్‌బోర్డు మీద పెట్టుకుని, పోర్టు గేటు దాకా నడిపేవాడు. దారిలో రైలు గేటుంది, ఆవులుంటాయి, సిటీ బస్సులుంటాయి, స్కూలు పిల్లలుంటారు. పోర్టు దగ్గర ఆపి గ్లాసు చూపించేవాడు. చుక్క తొణికేది కాదు. అప్పుడు తాగేవాడు.

"చల్లారిపోయిన టీ తాగడానికా బావా ఇంత విద్య?" అనేవాణ్ణి.

"నీకేటి తెలుస్తాది, సేదు నోరు నీది" అనేవాడు. ఆ మాట నిజమే, నా నోరు చేదే.

ఆ టీ గ్లాసు తప్ప క్యాబిన్‌లో ఇంకే వస్తువూ విడిగా ఉండనిచ్చేవాడు కాడు. దేవుడి బొమ్మ సైతం స్క్రూలేసి బిగించాల్సిందే. "బండిలో నాను కదలాల, స్టీరింగు కదలాల. మూడోది కదిలితే అది సత్రువు" అనేవాడు. ఈ మాట నేను వందసార్లు విన్నాను. వందసార్లు విన్నవాణ్ణి కాబట్టే నాకు క్షమాపణ లేదు.

మేమిద్దరం ఒకే యజమాని దగ్గర పని చేసేవాళ్లం. పోర్టులో ఓడల్లోంచి సరుకు దింపించే పెద్ద కాంట్రాక్టరాయన. బావ ఆయన డ్రైవరు, నేను ఆయన షెడ్డులో మెకానిక్కుని. ఆయన కొడుకుని అందరం చిన్నబాబు అనేవాళ్లం. తొంభైల్లో ఈ చిన్నబాబుకి కార్ల రేసుల పిచ్చి పట్టింది. డబ్బున్నవాడికి పిచ్చి పడితే ఓడలో దిగుతుంది. జపాన్ నుంచి ఒక పాత స్పోర్ట్సు కారు దిగింది. ఎర్రగా, నేలకి జానెడెత్తులో, పడుకున్న పిల్లిలా ఉండేది. దాన్ని రేసుకి తయారు చేసే పని నా మెడకి చుట్టేరు.

చిన్నబాబు నడపడం నాకు తెలుసు. గేరు మార్చినప్పుడల్లా పంటి కింద రాయి పడ్డట్టుండేది. ఓడిపోయిన ప్రతిసారీ వచ్చి "సస్పెన్షన్ బాలేదు, టైరు బాలేదు" అనేవాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. నేను తల ఊపేవాణ్ణి. జీతం తీసుకునేవాడి మెడ ఊపడానికే ఉంటుంది.

ఆ ఏడు మద్రాసు అవతల ఆరు గంటల రేసు పెట్టేరు. అది జోరుకన్నా ఓర్పుకి పరీక్ష. ఒకే కారు ఆరు గంటలు తిరగాలి, ఇద్దరు డ్రైవర్లు గంటకొకరు చొప్పున మారాలి. చిన్నబాబుతో నడపాల్సిన స్నేహితుడికి పచ్చకామెర్లొచ్చేయి. ఇంకెవరూ దొరకలేదు. ఒకరోజు షెడ్డుకొచ్చి బావ వైపు చూసి "నువ్వొచ్చెయ్" అన్నాడు, కిళ్లీ తెమ్మన్నట్టు. కావాల్సిన కాయితాలేవో పట్టుకొచ్చేడు. నెల్లాళ్లు తెల్లవారుజామున ఉక్కునగరం వైపు ఖాళీ రోడ్ల మీద బావ ఆ కారు నడిపేడు.

బావ ముఖం అంతలా వెలగడం నేను అంతకుముందు చూళ్లేదు, తర్వాతా చూళ్లేదు. "ఇది మాటాడదు బావా, పాడతాది" అన్నాడు. అప్పటికి నలభై దాటేయి అతనికి. ఇరవయ్యేళ్లు ఇనప ఖనిజం మోసే లారీలు నడిపి, ఆ ఎర్రధూళి మింగి, అయిదేళ్లు యజమానికి కారు తలుపు తీసినవాడు. తన పాదానికి తగ్గ బండి ఒకటి ఉంటుందని అతనికి అప్పుడే తెలిసింది. తెలియకపోయినా బాగుండేది.

ఒక్కటే పేచీ. రేసులో బూట్లు వేసుకోవాలి. అది వాళ్ల రూలు. బావకి కొత్తవి కొనడం ఎందుకని చిన్నబాబు తన పాతవి ఇచ్చేడు. ఒక సైజు పెద్దవి. ముందు భాగంలో గుడ్డలు కుక్కి వేసుకున్నాడు. "సెవుల్లో దూది ఎట్టుకుని పాట ఇనమన్నట్టుంది" అన్నాడు. చిన్నబాబుతో చెప్పమన్నాను. చెప్పలేదు. చెప్తే ఇంకొకణ్ణి చూసుకుంటాడని భయం. ఆ కారు మీద అంత ప్రేమ పుట్టేసింది.

మద్రాసు రైలెక్కే రోజు స్టేషనుకి బావ భార్య వచ్చింది. మా వరస ప్రకారం నాకు చెల్లెలు. అతను నీళ్ల సీసా కొనడానికి వెళ్లినప్పుడు నన్ను పక్కకి పిలిచి, కొంగు ముడిలోంచి ఒక నిమ్మకాయ తీసింది. బొట్టు పెట్టి, నడుముకి పసుపు దారం చుట్టి ఉంది. దాని వాలకం చూస్తేనే తెలుస్తోంది, ఆ పూట ఏమీ తినకుండా తల స్నానం చేసి చుట్టిందని.

"అమ్మోరి పాదాల కాడ ఎట్టి తెచ్చేను అన్నియ్యా. ఈయనకి సెప్తే ఒప్పుకోడు, బండిలో ఏటీ ఎట్టనివ్వడు. అక్కడ కూకోబెట్టేది నువ్వే కదా. ఈయన కూకున్నప్పుడు ఈయనకి తెలీకుండా ముందర ఎట్టెయ్. మరిసిపోకు."

"మరిసిపోను సెల్లీ" అన్నాను.

రేసు పొద్దున్న మొదలయింది. అంతకు ముందే నేను బంపరుకి మిరపకాయలూ నిమ్మకాయా కట్టేను, మన అలవాటు కదా. తనిఖీవాళ్లు వచ్చి కత్తెరతో కోసి పారేసేరు. విడిగా ఏదున్నా, లోపల గాని బయట గాని, ప్రమాదమని ఇంగ్లీషులో చెప్పేరు. బావ చెప్పే మాటే అది. నేను నవ్వేను. చెల్లి ఇచ్చిన కాయ నా జేబులో ఉంది, అది వాళ్లకి తెలీదు కదా అని లోపల గొప్పగా కూడా ఉంది. నా తెలివి అలాంటిది.

మొదటి గంట చిన్నబాబు నడిపి కారుని వెనక వరసలోకి తెచ్చేడు. రెండో గంట బావ ఎక్కేడు. ఆ హడావుడిలో నాకు నిమ్మకాయ సంగతి గుర్తే రాలేదు. పెట్రోలు పోయాలి, టైర్లు మార్చాలి, అతనికి పట్టీలు బిగించాలి. అన్నీ చేసి పంపించేను. ఆ గంట చూడాలి బావ నడపడం. మలుపు దగ్గర అందరి బ్రేకులూ కీచుమంటుంటే ఈ ఎర్రకారు మాత్రం చెయ్యి పట్టుకుని నడిపించినట్టు వంగి వెళ్లిపోయేది. ఒక్కొక్కణ్ణీ దాటుకుంటూ ఆరో స్థానానికి తెచ్చేడు. పక్క జట్టువాళ్లు వచ్చి "ఎవరాయన?" అని అడిగేరు. "మా బావ" అన్నాను. అంత గర్వంగా ఆ మాట ఎప్పుడూ అన్లేదు.

మూడో గంట చిన్నబాబు మళ్లీ నాలుగు స్థానాలు పోగొట్టేడు. ఆ గంట ఖాళీగా నిలబడినప్పుడు జేబులో చెయ్యి పెడితే కాయ తగిలింది. చెల్లికి మాటిచ్చేను, మరిచిపోయేను. ఈసారి వదలకూడదనుకున్నాను. నాలుగో గంటకి బావ ఎక్కేడు. హెల్మెట్ పెట్టుకుని తల వంచి బూటు సర్దుకుంటున్నాడు. నేను పట్టీలు బిగిస్తూ, మీటర్ల పైన అద్దం దగ్గరున్న సందులోకి కాయని నొక్కి పెట్టేను. గట్టిగానే కూర్చుందనిపించింది. భుజం తట్టేను. వెళ్లిపోయేడు.

మరిచిపోయిన గంట మారాజులా తిరిగొచ్చేడు. గుర్తొచ్చిన గంటే కొంప ముంచింది.

పది చుట్లు తిరిగేడు. పదకొండో చుట్టు పొడుగు రోడ్డు చివర, మలుపు దగ్గర, ఎర్రకారు వంగలేదు. తిన్నగా వెళ్లిపోయింది. మేమున్న చోటికి చప్పుడు కొంచెం ఆలస్యంగా వచ్చింది. ముందు టైర్లు గాల్లోకి లేవడం కనిపించింది, అవి రక్షణకి పేర్చిన పాత టైర్లు, ఆ తర్వాత చప్పుడు వినిపించింది. చిన్నబాబు నా పక్కనే ఉన్నాడు. "అయ్యో కారు" అన్నాడు. ఆ రెండు మాటలూ ఇప్పటికీ నా చెవిలో ఉన్నాయి.

అతన్ని కోసి బయటికి తియ్యడానికి చాలాసేపు పట్టింది. ఇనుముని కోసేరు, అతన్ని కాదు. కుడికాలు మడమ దగ్గర పెడళ్ల మధ్య చిక్కుకుని నుజ్జయిపోయింది. ఆసుపత్రికి పంపించేక కారుని లాక్కొచ్చి అక్కడే రేసువాళ్ల షెడ్డులో పడేసేరు. బ్రేకు పరీక్ష చేసే వంకతో నేను లోపలికి దూరేను. అసలు వెతికింది కాయ కోసం. సందులో లేదు. పెడళ్ల కింద లేదు. సీటు కింద చెయ్యి పెట్టి వెతికేను, అద్దప్పెంకులు గుచ్చుకున్నాయి గాని కాయ లేదు. మంటలు రాకుండా చల్లిన నురుగుతో అంతా తడిసిపోయింది. ఎక్కడికో ఎగిరిపోయి ఉంటుంది, దానికీ దీనికీ సంబంధం లేదని నాకు నేనే చెప్పుకున్నాను.

రెండో రోజు ఆసుపత్రిలో అందరూ బయటికెళ్లేక బావ కళ్లు తెరిచి నా వైపు చూసేడు.

"కాయ నువ్వే ఎట్టేవా?"

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. "ఎట్టేను బావా."

"తీసి గడ్డిలోకి ఇసిరేసేను. ఎవులూ సూడనేదు. నువ్వూ నోరు మూసుకో."

"నాను సెప్పేస్తాను. తప్పు నాది."

"సెప్పి? నా కాలు తెస్తావేటి?" అని మొహం గోడ వైపు తిప్పుకున్నాడు.

నేను నోరు మూసుకున్నాను. సంతోషంగానే మూసుకున్నాను, అబద్ధమెందుకు. నాకిద్దరు పిల్లలు, అద్దె ఇల్లు. నా ఉద్యోగం పోకూడదని బావ తన మీదేసుకున్నాడనుకున్నాను. చేతులెత్తి దణ్ణం పెడదామనుకున్నాను, మొహం తిప్పుకుని ఉన్నాడు కదా అని పెట్టలేదు.

విశాఖపట్నం వచ్చేక నెలకి విచారణలాంటిది పెట్టేరు. పోర్టు రోడ్డులో యజమాని ఆఫీసులో, పెద్దాయన బల్ల వెనక, చిన్నబాబు కిటికీ దగ్గర. బావ కర్రల మీద నిలబడ్డాడు. కూర్చోమని ఎవరూ అన్లేదు. పెద్దాయన నన్నడిగేరు.

"బ్రేకులెలా ఉన్నాయోయ్?"

బాలేవంటే నా పని పోతుంది. బాగున్నాయంటే బావ పరువు పోతుంది. ఒక నిమ్మకాయ ఉందంటే నిజం చెప్పినట్టవుతుంది. మూడు దారులున్నాయి. "బాగానే ఉన్నాయండి" అన్నాను.

"రోడ్డు మీద బ్రేకు పడ్డ గీతే లేదు నాన్నా. వీడు తొక్కలేదు. భయపడి బిగుసుకుపోయేడు" అన్నాడు చిన్నబాబు.

పెద్దాయన బావ వైపు చూసేరు. బావ నా వైపు చూళ్లేదు. నేల వైపు, అంటే తన కాలి వైపు చూసుకుని అన్నాడు.

"అవును బాబూ. నానే తొక్కనేదు."

బ్రేకు తొక్కడంలో మనిషుంటాడన్న మనిషి ఆ మాట అన్నాడు. రేసులో కార్లు గుద్దుకోవడం మామూలే, దానికెవరికీ సిగ్గు లేదు. కానీ డ్రైవరై ఉండి బ్రేకు తొక్కలేదంటే మన ఊళ్లో దానికి మాఫీ లేదు. వారం తిరక్కుండా పోర్టు అంతా తెలిసిపోయింది. "బ్రేకు తొక్కని డ్రైవరు" అని పేరు పెట్టేరు. టీ కొట్టు దగ్గర ఎవడో గ్లాసు నిండా టీ పోసి "ఇది ఇంటిదాకా తీసుకెళ్తావా గురువా?" అని కూడా అన్నాడట. బావ ఆ గ్లాసు తీసుకుని వేడివేడిగా అక్కడే తాగేసి వచ్చేడట. నేను అక్కడ లేను. ఉన్నా ఏం చేసేవాణ్ణి, తల ఊపేవాణ్ణి.

ఆసుపత్రి ఖర్చు పెట్టుకున్నామన్నారు, ఇంక రావద్దన్నారు. నేను ఆ షెడ్డులోనే ఇంకో ఆరేళ్లు పని చేసేను. రెండేళ్లలో చిన్నబాబుకి ఆ పిచ్చి పోయి గుర్రాల పిచ్చి పట్టింది.

బావకి చివరికి లారీ యార్డులో పని దొరికింది. ఉక్కు తీసుకెళ్లే పొడుగు ట్రైలర్లు అక్కడ నిలుపుతారు. అవి వెనక్కొచ్చేటప్పుడు వెనకాల నిలబడి దారి చూపించడం అతని పని. మామూలుగా క్లీనర్లు చేసే పని అది. ఇరవయ్యేళ్లు స్టీరింగు పట్టినవాడు కుంటుకుంటూ వెనక నిలబడి "రానీ, రానీ, కొద్దిగా రానీ" అని, అరచేత్తో బండి వెనకభాగం మీద కొట్టి "హోల్డాన్" అని ఆపేవాడు. ఎండలోనైనా చెప్పులు విప్పేసే నిలబడేవాడు. నేల అదిరేదాన్ని బట్టి బండి ఎంత దూరంలో ఉందో తెలుస్తుందట. అతనున్నన్నాళ్లూ ఆ యార్డులో ఒక్క బండీ గోడకి తగల్లేదని గుమస్తా చెప్పేవాడు.

నేను నెలకోసారి వెళ్లేవాణ్ణి. పశ్చాత్తాపం అనండి, పాపభయం అనండి. బెంచీ మీద కూర్చునేవాళ్లం. ఎండాకాలంలో నిమ్మసోడా తెప్పిస్తే ముట్టేవాడు కాడు. ఇంట్లో పులిహోర కూడా చింతపండుదే. పడదని చెప్పేవాడు అందరికీ. ఎందుకు పడదో నాకు తెలుసనుకునేవాణ్ణి. నాకు తెలిసింది సగమే.

ఇంటికి పిలిచేవాడు గాని వెళ్లబుద్ధయ్యేది కాదు. వెళ్లిన రెండు మూడుసార్లూ చెల్లి నా మొహం చూళ్లేదు. గుమ్మంలో నన్ను చూసి లోపలికెళ్లిపోయి గిన్నెలు చప్పుడు చేసేది. మంచినీళ్లు కూడా బావే తెచ్చిచ్చేవాడు. నేను పెట్టిన కాయే ప్రాణం మీదికి తెచ్చిందని ఆమెకి తెలిసిపోయింది, అందుకే ఈ కోపం అనుకున్నాను. న్యాయమే కదా అనుకుని భరించేను.

ఒకే ఒక్కసారి, పదేళ్ల తర్వాత, తనంతట తనే చెప్పేడు. మధ్యాహ్నం, యార్డులో బళ్లు లేవు. ఏ ప్రశ్నా వెయ్యలేదు నేను. తుమ్మచెట్టు నీడ కేసి చూస్తూ మొదలెట్టేడు.

"పొడుగు రోడ్డు మీద వత్తన్నాను బావా. ముందర మలుపు. ఎప్పుడూ తొక్కే కాడే కాలెట్టేను. సగం దిగి ఆగిపోనాది. ఎనక ఏదో అడ్డుంది. ఉత్తకాలైతే ఏటో తెలుస్తాది, ఆ దిక్కుమాలిన బూటు కదా, తెల్దు. ఇంకా బలంగా తొక్కేను. అది సితికింది. సితికేసరికి బూటు జర్రున జారిపోయి రెండు పెడల్ల సందులో ఇరుక్కుంది. లాగుతుంటే రాదు. అదంతా ఎంతసేపనుకున్నావు, రెప్ప కొట్టినంతసేపు. నాకు మాత్తరం పొద్దెక్కినట్టుంది. గేరు దించేను. పక్కన పచ్చకారోడు ఉన్నాడు. ఆడి వైపు తిప్పితే నాకు జాగా ఉంది, ఆడికి నేదు. తిప్పనేదు. గోడ సూసుకుని రానీ, రానీ అనుకున్నాను."

కుంటికాలు చేత్తో ఎత్తి బెంచీ మీద పెట్టుకుని మళ్లీ అందుకున్నాడు.

"గుద్దేక అంతా నిమ్మలంగా అయిపోనాది. నొప్పి తెల్దు. ముందర వాసనొచ్చింది. పెట్రోలు వాసన కాదు బావా. నిమ్మకాయ వాసన. మా ఇంట్లో పూజ నాడు వచ్చే వాసన. ఇదేటిరా అని కాళ్ల కాడ సెయ్యెట్టేను. పిప్పయిపోయిన కాయ. పసుపు దారం ఉంది."

"బావా, నన్ను..."

"దారం సూసి గుర్తట్టేను. మా ఆడమనిసి ముడి అది. మూడు సుట్లు సుట్టి, సివర లోపలికి దోపుతాది. ఎవులైనా ఆ కాయ సూస్తే, పేపర్లో ఏత్తే, అది ఈ మాటింటే, ఉంటాదేటి బావా? బావి సూసుకుంటాది. ఆల్లొచ్చేలోగా ఇసిరేసేను."

అప్పుడు నా వైపు తిరిగి నవ్వేడు. "నువ్వేటి, నీకోసరం అనుకున్నావేటి ఇన్నాల్లూ?"

అవును, నాకోసమే అనుకున్నాను. పదేళ్లు ఆ ఋణం మోసేనని, నెలనెలా వచ్చి కూర్చుని తీరుస్తున్నానని అనుకున్నాను. అతని లెక్కలో నేను లేనే లేను. భార్య కట్టిన ముడి ఎవరి కంటా పడకూడదని కాలు నలిగిపోతుండగా చెయ్యి చాపి ఆ కాయ తీసినవాడు, ఆ ముడి కోసమే నెల తర్వాత పెద్దాయన ముందు తన పరువూ తీసి పారేసేడు. నేను మధ్యలో ఉద్యోగం మిగుల్చుకున్న మనిషిని, అంతే.

బావ పోయిన పదకొండో రోజున గోపాలపట్నంలో వాళ్లింటికి వెళ్లేను. భోజనాలయ్యేయి, జనం పల్చబడ్డారు. నేను చెప్పులేసుకుని బయల్దేరబోతుంటే చెల్లి గుమ్మం దగ్గరకొచ్చింది. పదేళ్ల పైమాటే ఆమె నాతో మాట్లాడి.

"అన్నియ్యా, ఒక మాటడుగుతాను. ఆయనున్నప్పుడు అడగనిచ్చేవాడు కాదు. ఒట్టేయించుకున్నాడు."

బావ అంత దాచినా ఈమెకి ఎలాగో తెలిసిపోయింది, అనుకున్నాను. తప్పు నాదే, నీది కాదు అని చెప్దామని సిద్ధపడ్డాను.

"అంత సెప్పి ఇచ్చేను కదా. ఆ కాయ ఎందుకు మరిసిపోయేవు?"

"మరిసిపోయేనని ఎవులన్నారు సెల్లీ?" అన్నాను.

"ఆయనే సెప్పేడు. ఆసుపత్రి నుంచి రాగానే అడిగేను, కాయ ఎట్టేడా అని. నేదు, ఆడు అడావుడిలో మరిసిపోయేడు, ఆడ్ని ఏటీ అనకు అన్నాడు. ఒక్క కాయ అన్నియ్యా. జేబులోంచి తీసి ఎట్టడానికి నీకు సెయ్యి రానేదు. అది ఉండుంటే అమ్మోరు సూసుకునేది కాదేటి?"

ఆమెకి నేనివ్వగలిగిన నిజం ఒకటుంది. దాన్ని బావ తన కాలితో, తన పేరుతో కొని పాతేసేడు. దాన్ని తవ్వి నా గుండె బరువు దించుకోవచ్చు. అప్పుడు ఈమె ఏమవుతుంది? చాలా ఏళ్ల క్రితం పెద్దాయన ఆఫీసులో నిజం చెప్పాల్సినప్పుడు నాకు నోరు రాలేదు. ఇప్పుడు నిజం నాలిక చివరిదాకా వచ్చింది, చెప్పకూడనప్పుడు.

"మరిసిపోయేను సెల్లీ" అన్నాను. అది సగం నిజం కూడాను. మొదటిసారి మరిచిపోయేను.

ఆమె తల ఊపింది. ఇన్నేళ్లూ తను నమ్మింది నిజమేనని తేలినందుకేమో, కొంచెం తేరుకున్నట్టు కనిపించింది. లోపలికెళ్లి వచ్చింది. చేతిలో నిమ్మకాయ. బొట్టు, పసుపు దారం, మూడు చుట్లు, చివర లోపలికి దోపి ఉంది. వీధిలో పెద్దకొడుకు సరుకులు వేసే ఆటో తుడుచుకుంటున్నాడు. తండ్రి పోయేక రేపట్నుంచి మళ్లీ బండి తీస్తాడట.

"ఈడి బండిలో నీ సేత్తోనే ఎట్టు. అద్దం కాడ. ఈసారైనా మరిసిపోకు."

కాయ తీసుకుని వీధిలోకొచ్చేను. నా వేళ్లకి పసుపంటింది. కుర్రాడు పక్కకి తప్పుకున్నాడు. వాడి చెప్పులు బయట జతగా పెట్టి ఉన్నాయి. నేను లోపలికి వంగలేదు. వాడి దగ్గర బైండింగు వైరు అడిగి తీసుకుని, ఆటో ముందు నేల మీద గొంతుక్కూర్చుని, కాయని బయట బంపరుకి కట్టేను. నాలుగు చుట్లు చుట్టి, పటకారుతో మెలిపెట్టి, ఊడుతుందేమోనని మూడుసార్లు లాగి చూసేను.

"లోపల ఎట్టమన్నాను కదా" అంది చెల్లి గుమ్మంలోంచి.

"బయటే ఉండాల సెల్లీ" అన్నాను.

"నువ్వెప్పుడూ ఇంతే" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.